ఇతరులు వదిలేసిన సామానుతో ఇల్లు అమర్చుకోవాలంటే ఏది ఇంట్లోకి తేవచ్చు, ఏది గేటు దగ్గరే ఆపాలి?

ప్రశ్న: నిజాంపేట_నివాసి

అందరికీ నమస్కారం. హైదరాబాదులో నిజాంపేట వైపు ఒక పాత అపార్టుమెంటులో రెండు పడకగదుల ఇల్లు కొనుక్కున్నాము. బ్యాంకు అప్పు, రిజిస్ట్రేషన్ ఖర్చులు పోగా ఫర్నిచరుకు మిగిలింది అంతంత మాత్రమే. ఆ కొద్ది డబ్బు పెట్టి, పైన రంగు కాగితం అంటించిన చెక్కపొడి బల్లలు కొనడానికి నాకు మనసొప్పడం లేదు. మరోవైపు మా అపార్టుమెంటులో ఇళ్లు ఖాళీ చేసి వెళ్లేవారు సెల్లారులో వదిలిపోయే వస్తువులను చూస్తూ చూస్తూ ఊరుకోలేకపోతున్నాను. అల్లిక తెగిన కేన్ కుర్చీలు, అద్దం పగిలిన డ్రెస్సింగ్ టేబులు, పాత కుట్టుమిషను ఇనుప కాళ్లు, తుప్పు పట్టిన ఇనుప బీరువా ఇప్పుడు కూడా అక్కడే పడి ఉన్నాయి. ఇవి కాక, అమలాపురం దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్లో పక్కింటివారి మండువా లోగిలిని త్వరలో కూల్చబోతున్నారు. ఆ ఇంటి తలుపుల మీద ఉన్న చెక్కడం పని చిన్నప్పటి నుంచి చూసినదే కనుక అవి ఎవరి పొయ్యిలోకో పోతాయంటే బాధగా ఉంది.

నా సందేహాలు ఇవి. పాత కర్ర సామానులో పుచ్చు, చెదలు ఉన్నదీ లేనిదీ తెలియనివారు ఎలా గుర్తించాలి? తలుపులకు, కిటికీలకు ఏళ్ల తరబడి పొరలు పొరలుగా వేసిన రంగును తీసేయవచ్చునా? సెల్లారులో పడి ఉన్న వస్తువును తీసుకునే ముందు ఎవరిని అడగాలి? చివరిది, అన్నిటికంటే కష్టమైనది: "ఎవరు పడుకున్న మంచమో, ఎవరు పోయిన మంచమో" అని మా అమ్మగారు ఇప్పటి నుంచే అంటున్నారు. అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

సమాధానం: చిత్రిక_పని

మాది తరతరాలుగా వడ్రంగం చేసిన కుటుంబం. నేను ఇప్పుడు వేరే ఉద్యోగంలో ఉన్నా, సెలవు రోజుల్లో పాత సామాను బాగుచేస్తూ ఉంటాను కనుక మీ మొదటి రెండు ప్రశ్నలకు జవాబు చెబుతాను.

అది ఏ జాతి కర్ర అన్నది తరువాతి సంగతి. ముందు అది అసలు కర్రేనా అన్నది తేలాలి. వస్తువును తలకిందులు చేసి చూడండి. పైభాగాన సన్‌మైకా, వెనీరు (అంటించిన పలచటి కర్ర పొర), పాలిష్ ఏదైనా ఉండవచ్చు గాని అడుగుభాగాన్ని ఎవరూ ముస్తాబు చేయరు. అంచు దగ్గర రంపపుపొట్టును అదిమి ముద్ద చేసినట్లు కనిపిస్తే అది పార్టికల్ బోర్డు, మందపాటి అట్టలా నునుపుగా ఉంటే ఎండీఎఫ్. ఈ రెండింటిలోనూ ఒకసారి ఊడి వచ్చిన స్క్రూ మళ్లీ ఆ రంధ్రంలో గట్టిగా పట్టదు. నీళ్లు తగిలి ఉబ్బిన చోటు ఎండినా సమం కాదు. ఎంత ముద్దుగా కనిపించినా వాటిని అక్కడే వదిలేయండి. పొరలు పొరలుగా కనిపించే ప్లైవుడ్ అయితే, పొరలు విడిపోనంత వరకు, అల్మారాలో అరలకు పనికివస్తుంది. అసలు కర్రలో మాత్రం పైన కనిపించే గీత చివరి దాకా వెళ్లి, కోసిన అడ్డుముఖంలో వలయంగా తిరుగుతుంది. వెనీరు అంటించిన బల్లలో ఆ గీత అంచు దగ్గరే ఆగిపోతుంది.

టేకును కనబడని మూల బ్లేడుతో కాస్త గోకి చూస్తే జిడ్డుగా తగులుతుంది, తోలును తలపించే వాసన వస్తుంది. కోస్తా జిల్లాల పాత ఇళ్లలో బ్రిటిషు కాలంలో రంగూను, మౌల్మీను రేవుల నుంచి ఓడల్లో వచ్చిన బర్మా టేకు ఎక్కువగా కనిపిస్తుంది. హైదరాబాదు వైపు ఆదిలాబాదు అడవుల టేకు, బల్లార్షా టేకు కనిపిస్తాయి. అయితే టేకు కానిదంతా పనికిరానిది అనుకోకండి. వేప, నల్లమద్ది కర్రతో చేసిన పీటలు, పెట్టెలు తరాలు దాటి వచ్చినవి ఎన్నో ఉన్నాయి.

పుచ్చు గురించి చెబుతాను. చెట్టు మధ్యలో ముదిరిన భాగాన్ని చేవ అంటారు, దాని చుట్టూ ఉండేది తెల్లచెక్క. పుచ్చు పురుగు తెల్లచెక్కలోని పిండిపదార్థం కోసం వస్తుంది కనుక చేవ తేలిన టేకు జోలికి సాధారణంగా పోదు. సూదిమొనంత రంధ్రాలు కనిపించినంత మాత్రాన భయపడవలసిన పని లేదు, పురుగు ఎప్పుడో వెళ్లిపోయి ఉండవచ్చు. వస్తువును బాగా దులిపి, కింద నల్ల కాగితం పరచి కొన్నాళ్లు కదపకుండా ఉంచండి. కాగితం మీద గోధుమపిండి లాంటి లేత రంగు పొడి కొత్తగా రాలితే లోపల పురుగు బతికే ఉన్నట్లు. అప్పుడు రంగును, పాలిష్‌ను పూర్తిగా తీసివేసి, వెలిగారం (బోరాక్స్), బోరిక్ పౌడరు కలిపి వేడినీళ్లలో కరిగించి, కర్ర పీల్చుకున్నంత మేర మళ్లీ మళ్లీ పూయాలి. పాలిష్ పైన పూస్తే మందు లోపలికి దిగదు. అది పిల్లల చేతికి అందకూడని మందు అని గుర్తుంచుకోండి, పూసేటప్పుడు చేతులకు తొడుగులు వేసుకోండి. చెదల విషయంలో మాత్రం నాకు ఏ మొహమాటమూ లేదు. మట్టి గీతలు కనిపించినా, వేలి కణుపుతో తట్టినప్పుడు డొల్ల చప్పుడు వచ్చినా, ఆ భాగాన్ని బయటే కోసి పారేసి మిగిలినది మాత్రమే లోపలికి తీసుకోవాలి.

కదిలే కుర్చీని చూసి నిరాశ పడకండి. పాత కుర్చీలను కుసి, బెజ్జం పద్ధతిలో, అంటే ఒక కర్ర కొసను సన్నగా చెక్కి (అదే కుసి) మరో కర్రలో తొలిచిన రంధ్రంలో (అదే బెజ్జం) దూర్చి కూర్చి, జంతువుల చర్మం, ఎముకలు కాచి తీసిన సరేసుతో అతికేవారు. సరేసు వేడినీటి ఆవిరికి కరుగుతుంది కనుక కీలు విడదీసి, పాత జిగురు గీకేసి, ఫెవికాల్ రాసి, తాడుతో బిగించి ఒక రాత్రి వదిలేస్తే కుర్చీ మళ్లీ కదలదు. కుసి అరిగిపోయి వదులుగా ఉంటే పలచటి టేకు చీలిక అతికించి లావు చేయాలి. మధ్యలో ఎవరో మేకులు కొట్టి "బాగుచేసిన" కుర్చీయే అన్నిటికంటే ఎక్కువ తిప్పలు పెడుతుంది. ఆ మేకులు కుసిని నిలువునా చీల్చేసి ఉంటాయి.

ఇక రంగు. ఇది తేలికగా తీసుకోదగ్గ విషయం కాదు. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎంకు (పది లక్షల భాగాల్లో 90 భాగాలకు) మించకూడదన్న నిబంధన 2016లో వచ్చి, 2017 నవంబరు నుంచి అమలయింది. అంతకు ముందు వేసిన ఎనామిల్ రంగుల్లో, ముఖ్యంగా పసుపు, ఆకుపచ్చ, ఎరుపు రంగుల్లో, సీసం చాలా ఎక్కువగా ఉండి ఉండవచ్చు. మన పాత తలుపుల రంగులు ఏవో మీకు తెలియనివి కావు. వాటిని పొడిగా ఉప్పుకాగితంతో రుద్దితే సీసపు ధూళి ఇల్లంతా పరచుకుంటుంది, మంటతో కాల్చి తీస్తే ఆ పొగే పీల్చవలసి వస్తుంది. రంగు ఊడకుండా గట్టిగా ఉంటే దాని మీదే కొత్త పూత వేసి వదిలేయడం మంచి పద్ధతి. తీసి తీరాలనుకుంటే ఆరుబయట, రంగు తీసే రసాయనం పూసి, తడిగా ఉండగానే గీకాలి. గీకిన పెళ్లలను మూటగట్టి పడేసి, ఆ చోటును తడిబట్టతో తుడవాలి. ఇంట్లో చిన్నపిల్లలు, గర్భిణులు ఉంటే ఆ పని పూర్తిగా వేరే చోట జరగాలి.

చివరి పూతకు లక్క పాలిష్ అందంగా ఉంటుంది గాని, వేడి గిన్నె పెడితే తెల్ల మచ్చ పడుతుంది కనుక భోజనాల బల్లకు పనికిరాదు. ఉడికించిన అవిసె నూనె వాడితే, పూసిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేయకండి. ఆరేటప్పుడు వాటిలో వేడి పుట్టి, నిప్పు తగలకుండానే అంటుకునే ప్రమాదం ఉంది. వాటిని విడిగా పరచి ఆరబెట్టిన తరువాతే పారేయాలి.

సమాధానం: సెల్లారు_సంగతులు

పై సమాధానం చాలా బాగుంది. మా అపార్టుమెంటు సంఘం పనులు కొంతకాలం చూసినదానిగా, మీ మూడవ, నాలుగవ ప్రశ్నలకు నాకు తోచినది రాస్తున్నాను.

అమెరికా, ఐరోపా వీడియోల్లో వీధిలో పెట్టిన సోఫాను ఎవరో కారులో వేసుకుపోవడం చూసి, ఇక్కడ కూడా అలాగే జరుగుతుందని అనుకుంటాము. మన ఊళ్లలో చెత్తకు కూడా హక్కుదారులుంటారు. ఇల్లు ఖాళీ చేసేవారు "ఇది నువ్వు తీసుకో" అని వాచ్‌మన్‌తోనో పనిమనిషితోనో చెప్పి వెళతారు, చెప్పకపోయినా అది వారిదేనన్నది అందరికీ తెలిసిన ఆనవాయితీ. ఇనుము, కాగితం, ప్లాస్టిక్కు పాతసామాన్ల అతనికి తూకానికి వేస్తే వచ్చే డబ్బు వారి జీతానికి తోడవుతుంది. మీరు సొంత ఇల్లు కొన్నవారు. ఫర్నిచరుకు డబ్బు లేదన్నది నిజమే కావచ్చు, అయినా వాచ్‌మన్ చేతికి రావలసినది ఉచితంగా తీసుకుని "చెత్తలోంచి తెచ్చుకున్నాను" అని మురిసిపోవడం నాకు సరిగా అనిపించదు.

అలాగని పెద్ద ఖర్చేమీ కాదు. పాతసామాన్ల దుకాణంలో కుర్చీని కుర్చీగా చూడరు. చెక్కను వంటచెరకు లెక్కన, ఇనుమును కిలోల లెక్కన కడతారు. చెక్కిన చేతులున్న టేకు కుర్చీకి, విరిగిన దుంగకు అక్కడ పలికే ధర దాదాపు ఒకటే. కనుక దుకాణంలో ఎంత వస్తుందో వాచ్‌మన్‌నే అడిగి, దానికి మరికొంత కలిపి ఇచ్చి తీసుకోండి. అతనికి మోసుకుపోయే శ్రమ తప్పుతుంది, మీకు షోరూము ధరలో పదోవంతు కూడా కాదు. కుట్టుమిషను కాళ్లు మాత్రం పోత ఇనుము కనుక బరువుంటాయి, ధర కూడా ఆ మేరకు ఉంటుంది. ఖాళీ చేసిన యజమాని నుంచి "ఫలానా వస్తువు మాకు అక్కరలేదు" అని అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో ఒక్క మాట పెట్టించుకుంటే రేపు ఎవరూ మాట అనడానికి ఉండదు. మా దగ్గర ఒకసారి, ఊరెళ్లిన కుటుంబం మెట్ల కింద దాచుకున్న పెట్టెను వదిలేసినదనుకుని మరొకరు పాలిష్ దాకా పెట్టించారు. ఆ పంచాయితీ తేలేసరికి రెండు ఇళ్ల మధ్య మాటలు లేకుండా పోయాయి.

సెల్లారులో దొరకనివాటి కోసం ఆదివారం ఎర్రగడ్డ సంతకు, గురువారం జుమ్మేరాత్ బజారుకు వెళ్లి చూడండి. ఇత్తడి గొళ్లేలు, పాత తలుపు గుబ్బలు, పింగాణీ స్విచ్చులు వంటి చిన్న వస్తువులు అక్కడ ఓపికగా వెతికేవారికి దొరుకుతాయి. మరీ కొత్తగా ఉండి మరీ చవకగా చెబుతున్న వస్తువును మాత్రం ముట్టుకోకండి, అది ఎవరి ఇంట్లోంచి వచ్చిందో మనకు తెలియదు.

అమ్మగారి అభ్యంతరం విషయంలో వాదనకు దిగవద్దని నా మనవి. పరుపు, దిండు, మంచం ఈ మూడింటిని ఆవిడ మాటకే వదిలేయండి. పరుపు, దిండు విషయంలో ఆవిడ మాటకు ఆరోగ్యరీత్యా కూడా బలముంది. కుర్చీకి, బల్లకు, బీరువాకు అంత పట్టింపు సాధారణంగా ఉండదు. ఇత్తడి, రాగి సామాను చింతపండు, బూడిదతో తోమితే శుద్ధి అయినట్లేనని మన పెద్దలే అంటారు కనుక మొదటి వస్తువుగా ఒక ఇత్తడి గంగాళమో బిందెనో ఇంటికి తెచ్చి చూడండి. పూలు వేసి హాల్లో పెట్టుకోవడానికైతే తోమితే చాలు. వంటకు వాడేటట్లయితే కళాయి పెట్టించనిదే పులుపు తగలనివ్వకూడదు. మా అత్తగారు మొదట్లో ముఖం చిట్లించినవారే, తోమిన గంగాళం చూశాక "మా పుట్టింట్లో ఇంతకంటే పెద్దది ఉండేది" అని మొదలుపెట్టారు. ఆ తరువాత వచ్చిన భోషాణానికి తాళంచెవి వెతికించింది కూడా ఆవిడే.

నిజాంపేట_నివాసి (అడిగినవారు)

ఇంత ఓపికగా రాసినందుకు ఇద్దరికీ ధన్యవాదాలు. వాచ్‌మన్ గారితో ఈరోజే మాట్లాడాను. కుర్చీలు, మిషను కాళ్లు ఇవ్వడానికి సంతోషంగా ఒప్పుకున్నారు, బీరువా మాత్రం వారి ఇంటికే కావాలట. మరో రెండు విషయాలు అడగాలి. నాలుగో అంతస్తువారు మంచి స్థితిలో ఉన్న సోఫా ఒకటి వదిలి వెళుతున్నారు, దాన్ని తీసుకోవచ్చునా? మండువా లోగిలి తలుపుల గురించి ఎవరితో, ఎప్పుడు మాట్లాడాలి? ఆ ఇంటి స్తంభాలు కూడా రెండు తెచ్చి హాల్లో నిలబెట్టాలని ఉంది.

సమాధానం: చార్లెస్_ఒడ్డు

సోఫా గురించి మాత్రం చెబుతాను. నేను బోస్టన్‌లో చదువుకుని ఇక్కడే ఉద్యోగం చేస్తున్నాను. ఈ నగరంలో అద్దె ఒప్పందాల్లో చాలా భాగం ఆగస్టు 31తో ముగిసి సెప్టెంబరు 1తో మొదలవుతాయి కనుక ఆ రెండు రోజుల్లో విద్యార్థులుండే పేటల కాలిబాటలన్నీ బల్లలు, దీపాలు, పుస్తకాల అరలతో నిండిపోతాయి. ఆల్‌స్టన్ అనే పేటలో ఇది ఎంత ఎక్కువంటే, ఆ రోజును "ఆల్‌స్టన్ క్రిస్మస్" అని పిలవడం ఊరి వాడుకగా మారింది. అప్పుడే విమానం దిగిన మన తెలుగు విద్యార్థుల గదుల్లో మొదటి బల్ల, మొదటి కుర్చీ చాలావరకు అక్కడివే. సెల్లారు_సంగతులు గారు చెప్పిన హక్కుదారులు ఇక్కడ లేరు, కాలిబాట మీద పెట్టిందంటే మరుసటి రోజు లారీలోకి వెళ్లేదే.

అయినా ఇక్కడ పాతుకుపోయినవారు ఎవరూ కాలిబాట మీది సోఫాను, పరుపును ముట్టుకోరు. కారణం నల్లులు. అవి రక్తం లేకుండా నెలల తరబడి బతుకుతాయి కనుక ఖాళీ ఇంట్లో చాలాకాలం పడి ఉన్న సోఫా అయినా నమ్మడానికి లేదు. కుట్ల వెంట, అడుగున కొట్టిన గుడ్డ మడతల్లో, స్క్రూ రంధ్రాల్లో దాక్కుంటాయి. సిరాచుక్కల్లాంటి నల్ల మచ్చలు, లేత రంగు పొట్టు కనిపిస్తే అవి ఉన్నట్లే. సుమారు 50 డిగ్రీల సెల్సియస్ వేడి లోపలి స్పాంజి దాకా చేరితేనే గుడ్లతో సహా చస్తాయి. మేడ మీద ఎండలో పెడితే సోఫా పైభాగం కాలుతుంది గాని లోపల అంత వేడి చేరుతుందన్న భరోసా లేదు, పైగా అవి నీడవైపుకు జరిగిపోతాయి. కనుక మీకు తెలిసిన కుటుంబానిదైతే, అడుగు గుడ్డ విప్పి చూసి తీసుకోండి. తెలియనివారిదైతే స్పాంజి, గుడ్డ అక్కడే తీసిపారేసి, చట్రం గట్టి కర్రదని తేలితే అది మాత్రమే తెచ్చుకోండి. లోపల ప్యాకింగు చెక్క, స్టేపుల్ పిన్నులు కనిపిస్తే ఆ శ్రమ కూడా దండగ.

మరో మాట. కాలిబాట కంటే ఇప్పుడు నేను ఎక్కువగా నమ్మేది ఇరుగుపొరుగు గుంపులనే. 2013లో వాషింగ్టన్ రాష్ట్రంలో మొదలైన, వస్తువులను ఉచితంగా ఇచ్చిపుచ్చుకునే "బై నథింగ్" గుంపులు ఇక్కడ ప్రతి పేటలోనూ ఉన్నాయి. ఇచ్చేవారి ఇంటికి వెళ్లి, వారి గదిలోనే వస్తువును చూసి తెచ్చుకుంటాము కనుక నల్లుల భయం చాలావరకు తగ్గుతుంది. మీ అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపు కూడా ఆ పనికి సరిపోతుంది.

సమాధానం: సున్నపు_గోడ

నేను సివిల్ ఇంజనీరును. పాత ఇళ్ల విడదీత పనులు దగ్గరగా చూసినవాడిని. మీ మండువా లోగిలి విషయంలో అన్నిటికంటే ముఖ్యమైనది సమయం. కూల్చివేత మొదలయ్యాక వెళ్లి అడిగితే ఫలితం ఉండదు. ఇంత కర్ర ఉన్న ఇంటిని కూల్చడానికి యజమాని కూలి ఇవ్వడం అరుదు, గుత్తేదారే యజమానికి కొంత సొమ్ము ఇచ్చి లోపలి కర్ర, ఇనుము, పెంకులు తనవిగా ఒప్పందం చేసుకుంటాడు. ఆ బేరం కుదిరాక తలుపులు అతని సొత్తు. ధర కూడా అతను చెప్పిందే. కనుక ఇప్పుడే యజమాని దగ్గరకు వెళ్లి, మీకు కావలసినవి ఏవో సుద్దతో గుర్తు పెట్టి, వాటిని ఒప్పందం నుంచి మినహాయించమని అడగండి. ఆ ఊరితో మీకు బంధుత్వం ఉంది కనుక ఇది కష్టం కాదు.

రెండవది, విడదీసే తీరు. గుత్తేదారు మనుషులకు తొందర ఎక్కువ. ద్వారబంధాన్ని గోడలోంచి ఊడదీసే ఓపిక లేక రంపంతో అడ్డంగా కోసేస్తారు, దానితో కుసి, బెజ్జం రెండూ పోతాయి. సున్నంతో కట్టిన గోడ అయితే భయం లేదు. సున్నం సిమెంటు కంటే మెత్తన కనుక చుట్టూ ఉలితో తొలిస్తే ద్వారబంధం, ఇటుకలు, నేల బండలు అన్నీ విరగకుండా వస్తాయి. సిమెంటుతో అతికిన చోట ఇటుక ముందు విరుగుతుంది, అతుకు విరగదు. తాండూరు, బేతంచర్ల బండలు పాత ఇళ్ల నుంచి క్షేమంగా బయటపడి మళ్లీ కొత్త ఇళ్లలోకి రాగలిగింది సున్నం పుణ్యమే. మీ తలుపులు బందుల మీద కాక పైన, కింద గుంటల్లో తిరిగే మొనల మీద నిలిచినవి అయి ఉండవచ్చు. అలాంటి తలుపును గుంజకూడదు, ముందు పై కమ్మీని వదులు చేసి, తలుపును పైకెత్తి తీయాలి. విడదీసే ముందు ప్రతి కీలుకు రెండు వైపులా ఒకే అంకె రంగుతో వేసి, ఫోటోలు తీసుకోండి. చెన్నై దగ్గర ముట్టుకాడులో 1996లో తెరిచిన దక్షిణచిత్ర ప్రదర్శనశాలలో మీరు చూసే పాత ఇళ్లలో కొన్నింటిని అసలు ఊళ్లలో విడదీసి, తెచ్చి, మళ్లీ కూర్చి నిలబెట్టారు.

కూల్చివేత వ్యర్థాల గురించి 2016లో కేంద్రం ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. హైదరాబాదులో జీడిమెట్ల, ఫతుల్లాగూడల్లో ఆ వ్యర్థాలను పొడిచేసి ఇసుక, కంకరగా మార్చే కేంద్రాలు కూడా వచ్చాయి. అవి మంచి ఏర్పాట్లే గాని కాంక్రీటుకు, ఇటుకకు పనికివచ్చేవి. తలుపును తలుపుగా కాపాడే పని వాటిది కాదు, దానికి మనిషి ముందే వెళ్లి అడగవలసిందే. తిరువనంతపురంలో ఉండిన వాస్తుశిల్పి లారీ బేకర్, ఇతరులు కూల్చేసిన ఇళ్ల తలుపులను, కిటికీలను సేకరించి తాను కట్టే ఇళ్లలో పెట్టేవారు. కిటికీ దొరికాక దానికి తగ్గట్టు గోడ కట్టవచ్చు కనుక ఆయనకు అది సాధ్యపడింది. మీది కట్టి ఉన్న ఫ్లాటు, గోడలో ఖాళీ ఏడడుగుల ఎత్తున ముందే నిర్ణయమై ఉంటుంది. మండువా ఇళ్ల గుమ్మాలు తల వంచి వెళ్లవలసినంత పొట్టిగా ఉంటాయి కనుక వాటిని సింహద్వారంగా పెట్టాలన్న ఆలోచన మానుకోండి. పైగా పాత గుమ్మం కొత్త ఇంటికి పనికిరాదన్న పట్టింపు చాలా ఇళ్లలో ఉంది, మీ అమ్మగారితో మరో వాదన ఎందుకు?

నా సూచన ఏమిటంటే, రెండు తలుపు రెక్కలను పక్కపక్కన చేర్చి భోజనాల బల్లగా చేయించండి. మీ దగ్గర మిషను కాళ్లు ఎలాగూ ఉన్నాయి గాని అవి ఒక చిన్న బల్లను మాత్రమే మోయగలవు. ఈ తలుపుల బరువుకు విడిగా గట్టి టేకు కాళ్లు గాని ఇనుప చట్రం గాని కావాలి. నేల నుంచి బల్లపై వరకు 30 అంగుళాలు ఉండాలి, అందులో తలుపు మందం, పైన పరిచే అద్దం మందం కలిపి లెక్క వేయండి. చెక్కడం ఉన్న తలుపు మీద అద్దం లేకుండా భోజనం చేస్తే చిలకల కళ్లలో, లతల మధ్య అన్నం మెతుకులు ఇరుక్కుంటాయి, వాటి కోసం చీమలు వస్తాయి. 10 మిల్లీమీటర్ల టఫెన్డ్ (వేడిచేసి గట్టిపరచిన) అద్దం తీసుకుని, దాని కింద చిన్న రబ్బరు బిళ్లలు పెట్టించండి. గొళ్లెం, ఇత్తడి గుబ్బలు తీసేయకండి. అవి అద్దానికి అడ్డం వస్తే ఆ మేర అద్దంలో గుండ్రటి రంధ్రం కోయించవచ్చు, కాని టఫెన్ చేశాక అద్దాన్ని కోయలేరు కనుక కొలతలు ముందే ఇవ్వాలి. ఒకే తలుపు తెచ్చుకునేటట్లయితే మంచం తలాపు వైపు గోడకు నిలబెట్టడం ఇంకా సులువు.

స్తంభాలకు నేను అంత సుముఖంగా లేను. ఒక్కొక్కటీ ఇద్దరు ముగ్గురు మోయవలసిన బరువు, ఫ్లాటు పైకప్పుకు ఆనేలా నిలబెట్టడానికి పైనో కిందో కోయించవలసి వస్తుంది, లిఫ్టులో పట్టదు. అంతగా ఇష్టమైతే ఒకదానిని తీసుకుని, గోడకు క్లాంపుతో బిగించండి. దాని మీద ఏ బరువూ మోపకండి.

రవాణా సంగతి కూడా మరచిపోకండి. ఉమ్మడి రాష్ట్రంలో 1970లో వచ్చిన అటవీ ఉత్పత్తుల రవాణా నిబంధనల వల్ల టేకు కలప లారీలో కనిపిస్తే చెక్‌పోస్టు దగ్గర ఆపి అడుగుతారు. అది పాత ఇంటి సామాను అని ఇంటి యజమాని సంతకంతో, వస్తువుల కొలతలతో కాగితం రాయించుకోండి. విడదీయక ముందు ఇంట్లో ఉండగా తీసిన ఫోటోలు దగ్గర ఉంచుకోండి. బయలుదేరే ముందు అమలాపురం వైపు అటవీశాఖ కార్యాలయంలో అనుమతి కావాలో లేదో అడిగి తెలుసుకోండి. తలుపులను లారీలో పడుకోబెట్టి ఒకదానిపై ఒకటి వేయకుండా, మధ్యలో పాత దుప్పట్లు పెట్టి అంచు మీద నిలబెట్టి కట్టించండి. వానాకాలంలోనే తెస్తున్నట్లయితే టార్పాలిన్ తప్పనిసరి. తెచ్చాక వెంటనే పనిలోకి దింపకుండా కొన్ని వారాలు మీ ఇంటి గాలికి అలవాటు పడనిచ్చి, ఆ తరువాత వడ్రంగిని పిలవండి. కోనసీమ తేమలో ఇన్నేళ్లు ఉన్న కర్ర హైదరాబాదు పొడిగాలికి కొంత కుంచించుకుపోతుంది, వెంటనే బిగిస్తే రెక్కల మధ్య సందు పడుతుంది.